పుచ్చుకున్న చేతి సంతకం

సాలూరు,
17 జూన్ 2024

అత్తకి టైటస్ వందనాలు.

నీ ఉత్తరం పోయిన గురువారం అందింది. దాంతో పాటు నా కిందటి ఉత్తరం కూడా తిరిగి వచ్చింది, నాలుగు తప్పులకు ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టి ఉంది. నాకు నలభై తొమ్మిదేళ్ళు అత్తా. కోర్టులో జడ్జీలు కూడా నన్ను ఇంతలా దిద్దరు. నీకు చెవులు వినపడవు, మీ సిరగుడలో టవరు దొరకదు, అందుకని ఈ రోజుల్లో కూడా మనిద్దరం ఉత్తరాలు రాసుకుంటున్నామంటే మా గుమాస్తా నమ్మడు.

నువ్వు అడిగిన వీలునామా టైపు చేయించి దీంతో పెట్టాను. ఒకటే పేజీ. టీచరు జీతంలో కూడబెట్టి సాలూరులో నువ్వు కొనుక్కున్న రెండు గదుల పెంకుటిల్లు, దాని పెరడు, నీ తరవాత ఏంజెలిన్‌కి చెందాలని రాశాను. ఏంజెలిన్‌ని మూడేళ్ళ పిల్లగా తెచ్చి పెంచావు. నీ కూతురని అరకులోయంతా అంటుంది గానీ కోర్టు అనదు. చర్చి పుస్తకంలో రాసుకున్న పెంపకం కోర్టులో దత్తత కాదు. కాగితం లేకుండా నీకేమైనా అయితే ఆ ఇల్లు పోయిన నాన్న తరఫున ఎలీయేజరు అన్నయ్యకీ నాకూ వస్తుంది. అన్నయ్య సంగతి నీకు తెలుసు. ఇప్పటికే ముందు గదిలో లారీ టైర్లు పేర్చాడు, తాళం జేబులో వేసుకుని తిరుగుతున్నాడు. మీరుంటున్న క్వార్టరా, నీ తరవాత మిషను వాళ్ళు కొత్త టీచరుకి ఇచ్చేస్తారు. ధనరాజు మిరియాలు కోస్తూ సిల్వర్ ఓక్ మీంచి పడ్డాక కర్ర లేకుండా నడవలేడు. మొగుణ్ణి తీసుకుని ఆ పిల్ల ఎక్కడికి పోతుంది? కాబట్టి ఈ కాగితాన్ని తేలిగ్గా తీసుకోకు.

నువ్వు రమ్మన్నావు. నేను రాను. కోపం తెచ్చుకోకుండా విను. రాసేవాణ్ణి నేనే, కాగితం లేకపోతే లాభపడేవాణ్ణీ నేనే. దగ్గరుండి సంతకం చేయిస్తే రేపు ఎవరైనా ఏదైనా అంటారు. ఇరవై రెండేళ్ళుగా ముసలివాళ్ళకు వీలునామాలు రాస్తున్నాను, నా నియమం ఒకటే. సొంతవాళ్ళ సంతకం దగ్గర నేనుండను. ఇద్దరు సాక్షులు చూస్తుండగా నువ్వు సంతకం పెట్టు. తరవాత వాళ్ళిద్దరూ నీ ఎదుట పెట్టాలి. అంతే.

ఇక్కడ మా గణపతిరావు గారు ఐదో వీలునామాకి వచ్చారు. ఎనభై నాలుగేళ్ళు. ఏ కొడుకింట్లో ఆ నెల పప్పు బాగా ఉడికితే మామిడితోట వాడికి రాస్తారు. ఈ నెల చిన్నకోడలు గెలిచింది. బజారులో నన్ను ‘పోయాక పలికే ప్లీడరు’ అంటున్నారట. ఆ పేరు పెట్టింది కూడా ఆయనేనని నా అనుమానం.

నీ మేనల్లుడు,
టైటస్

*

సిరగుడ,
3 జూలై 2024

పోయాక పలికే ప్లీడరుకి మీ అత్త సోఫియా దీవెనలు.

ఈసారి రెండే తప్పులు. బాగుపడుతున్నావు.

కాగితం చదివాను. రాయడం బాగానే రాశావు గానీ, ‘నా పెంపుడు కుమార్తె’ అన్నచోట ‘పెంపుడు’ లేకపోతే ఏమవుతుంది? వద్దులే, కోర్టుకి కావాలేమో, ఉండనీ.

రానన్నావు. కారణం బాగుంది. ఆరేళ్ళుగా ప్రతిసారీ నీ కారణం బాగానే ఉంటోంది. ఒకసారి ఘాట్ రోడ్డు, ఒకసారి నీ భార్య ఆపరేషను, ఇప్పుడు నియమం. కొండ ఎక్కితే నీ నల్లకోటుకి మట్టి అంటుతుందా? పోనీలే.

వానలు బాగా పట్టాయి. క్వార్టరు వెనక గోడ చెమ్మెక్కింది. ఏంజెలిన్ రోజూ బొగ్గుల కుంపటి పెట్టి నా మంచం పక్క గోడ ఆరబెడుతోంది. నిన్న స్నానం చేయిస్తూ నా వీపు మీద ఎముకలు లెక్కపెట్టింది. “టీచరమ్మా, మీరు బేగి బేగి తగ్గిపోతన్నారు” అంది. పెద్ద అక్షరాలతో పలక మీద రాసి చూపించింది కూడా, దాని పెదాలు నేను ముందే చదివేశానని తెలియక. నేను నవ్వాను. దానికి నవ్వు రాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. మా చర్చిలో అప్పగింత పుస్తకం అని ఒకటి ఉంది. తల్లీ తండ్రీ లేని పిల్లల్ని ఎవరైనా పెంచుకోవాలంటే ఆదివారం ఆరాధనయ్యాక సంఘం ముందు నిలబడాలి. అప్పగించేవాళ్ళు ఒక పక్క, పుచ్చుకునేవాళ్ళు ఒక పక్క సంతకం చెయ్యాలి. పుచ్చుకునే చెయ్యి సంతకం పెట్టకపోతే ఇచ్చినట్టు కాదని మా పాత మిషను దొరగారి నాటి నుంచి కట్టడి. ఏంజెలిన్‌ని పుచ్చుకున్న రోజు నేనలాగే పెట్టాను. నా కలం కక్కి సిరా మరక పడింది, ఇప్పటికీ ఉంది.

నీ కాగితం కూడా ఆ పద్ధతిలో సంఘం ముందే జరిపించాలని ఉంది. నీ చట్టానికి అభ్యంతరమా? ఉంటే రాయి. అడిగి చేశాననే మాట నాకు కావాలి.

మీ అత్త,
సోఫియా

*

సాలూరు,
22 జూలై 2024

అత్తకి వందనాలు.

రాత్రనక పగలనక పనితో సతమతమవుతున్నాను, అందుకే జాప్యం. సత్యకుమారి గారని పెదగంట్యాడ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఆవిడ, కొడుకులు అన్నం పెట్టడం లేదని పిటిషను వేయించింది. విచారణ రోజు ఆ కొడుకులే మోటారు సైకిలు మీద కూర్చోబెట్టుకుని తెచ్చారు. బండి దిగి, “బాబూ, కేసొద్దు, ఆలకి పేరు పాడైపోద్ది” అంది. పిటిషను వెనక్కి తీసుకుని, నా కాపీ చింపేశాను. నా వృత్తిలో సగం కాగితాల గతి ఇంతే.

నీ చర్చి పద్ధతికి నాకేమీ అభ్యంతరం లేదు. పుస్తకంలో రాసుకుంటారో, పాట పాడుకుంటారో మీ ఇష్టం. చట్టానికి కావలసింది ఇద్దరు సాక్షులు, బుద్ధి తెలిసిన ఏ ఇద్దరైనా సరే. నా దగ్గరికొచ్చే రైతుల ఇళ్ళలో కొడుకులూ అల్లుళ్ళే సాక్షి సంతకాలు పెడుతుంటారు, ఏ ఇబ్బందీ రాలేదు. నువ్వు నిశ్చింతగా కానియ్యి.

కొండ మట్టికి నా కోటు భయపడదు అత్తా. వానలు వెలిశాక తప్పకుండా వస్తాను.

టైటస్

*

సిరగుడ,
9 సెప్టెంబరు 2024

నాయనా టైటస్,

అయిపోయింది. నిన్న ఆదివారం ఆరాధన తరవాత జరిగింది. నువ్వుండి చూడవలసింది.

పాస్టరు గారు కాగితం పెద్దగా చదివారట. నాకు వినపడలేదు గానీ ఆయన నోరు చూస్తూ కూర్చున్నాను. నేను సంతకం చేశాను. ఈసారి మరక పడలేదు. తరవాత సంఘపెద్ద సోంబరు చేశాడు. రెండో సాక్షిగా ఏంజెలిన్‌ని పిలిచాను. అది రాదే. స్తంభం వెనక నిలబడి తలూపుతుంది. చివరికి నేనే లేచి, కర్ర పట్టుకుని వెళ్ళి, చెయ్యి పట్టుకుని తెచ్చాను. “నాకొద్దు టీచరమ్మా, మీరుంటే సాలు” అందట. సోంబరు తరవాత పలక మీద రాసి చూపించాడు. నేనే దాని చేతిలో కలం పెట్టాను. ముప్పై ఏళ్ళ కిందట దాన్ని నేను పుచ్చుకున్నాను, ఇప్పుడు అది నన్ను పుచ్చుకుంది. ఇప్పుడిక ఎవరూ కాదనలేరు.

సంఘమంతా లేచి నిలబడింది. సోంబరు ఇంటి నుంచి చోడి అంబలి, మా ఇంటి నుంచి శనగలు. మన బంధువుల తరఫున ఎవరూ లేరేమని పాస్టరమ్మ రెండుసార్లు అడిగింది. మేనల్లుడు పెద్ద ప్లీడరనీ, నియమం అడ్డొచ్చిందనీ చెప్పాను.

కాగితం నా ట్రంకుపెట్టెలో, పెళ్ళికని కొని కట్టుకోని చీర కింద పెట్టాను. చాలా ఏళ్ళ తరవాత నిన్న మధ్యాహ్నం హాయిగా నిద్రపోయాను.

అత్త

*

సాలూరు,
30 సెప్టెంబరు 2024

అత్తా,

చాలా సంతోషం. నీ ఉత్తరం ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. స్తంభం వెనక దాక్కున్న ఏంజెలిన్‌ని తలుచుకుంటే నవ్వూ వచ్చింది, కళ్ళనీళ్ళూ వచ్చాయి. కాగితానికి చెదలు పట్టకుండా చూసుకో, అంతకన్నా చేయవలసిందేమీ లేదు. కలరా ఉండలు రెండు ఆ చీర మడతలో వెయ్యమని చెప్పు.

కొండచరియలు విరిగిపడి ఘాట్ రోడ్డు మళ్ళీ మూశారట. దారి తెరవగానే వస్తాను. ఈసారి కారణం నాది కాదు, కొండది.

టైటస్

*

సాలూరు,
20 జనవరి 2025

అత్తకి వందనాలు.

క్రిస్మస్‌కి రాలేకపోయాను. దాని గురించి మరోసారి రాస్తాను.

ఇప్పుడొక పని పడింది. వీలునామాలో చిన్న సవరణ అవసరమైంది. కొత్త కాపీ దీంతో పంపుతున్నాను. రాతలో మార్పేమీ లేదు, కానీ మళ్ళీ సంతకాలు కావాలి. ఈసారి సాక్షుల్లో ఏంజెలిన్ సంతకం ఉండకూడదు. చాలా ముఖ్యం అత్తా. కారణం కలిసినప్పుడు చెబుతాను. ఆలస్యం చెయ్యకు. ఈ సంగతి ఏంజెలిన్‌తో అనవద్దు.

అన్నయ్య కూడా మొన్న ఆఫీసుకొచ్చి కాగితం సంగతి అడిగాడు. నేనేమీ చెప్పలేదు.

టైటస్

*

సిరగుడ,
27 జనవరి 2025

టైటస్‌కి,

నీ ఉత్తరంలో తప్పులు దిద్దలేదు. దిద్దడానికి ప్రేమ ఉండాలి.

నీ అన్న క్రిస్మస్‌కి కేకు పట్టుకుని వచ్చాడు. ఇరవై ఏళ్ళలో మొదటి కేకు. నా మంచం మీద కూర్చుని, పలక అడిగి తీసుకుని, దాని మీద ఇలా రాశాడు: “ఏటత్తా, ఇల్లు ఆ గుంటకి రాసేసినావట?” అవునన్నాను. “రక్తం మాది గదా” అని రాశాడు. పలక తుడిచేశాను. నెల తిరగకుండా నీ కాగితం వచ్చింది. ఏంజెలిన్ సంతకం ఉండకూడదట, ఏంజెలిన్‌కి చెప్పకూడదట, కారణం నాకు కూడా చెప్పవట. అన్న నీ ఆఫీసుకి వచ్చాడని నువ్వే రాశావు. నాకు చెవులే పోయాయి టైటస్, బుర్ర ఉంది.

ఇవాళ ఆ పిల్ల సంతకం తీసేస్తావు. రేపు పేరు తీసేస్తావు. అడుగడుగునా నీ నియమాలు నాకు అర్థమవుతున్నాయి. సంతకం దగ్గర నువ్వెందుకు లేవో కూడా ఇప్పుడర్థమైంది. తరవాత కాదనడానికి వీలుగా ఉంటుందనే రాలేదు.

దేవుడి ఎదుట, సంఘం ఎదుట నేను చెయ్యి పట్టుకుని పెట్టించిన సంతకం అది. నా చేత్తో కొట్టేయను. నీ కొత్త కాగితం పొయ్యి పక్కన పెట్టాను. ఇంకా వెయ్యలేదు, అంతే.

పసుపు పూల వలిసె చేలు కోసేశారు. కొండ బోడిగా ఉంది. నాకు ఆయాసం ఎక్కువైంది, మెట్టు దిగడం లేదు. ఇది నీకు చెప్పవలసిన పని లేదు గానీ చేయి అలవాటున రాసింది.

సోఫియా

*

సాలూరు,
6 ఫిబ్రవరి 2025

అత్తా,

నీ ఉత్తరం మొన్న వచ్చింది. మూడుసార్లు చదివాను. అందులో ప్రతి మాటకూ నేను తగినవాణ్ణే, కానీ నువ్వనుకున్న కారణానికి కాదు. సిగ్గుపడి దాచాను. ఇప్పుడు దాచకుండా రాస్తున్నాను, దయచేసి చివరిదాకా చదువు.

తప్పు నాది. పోయిన నెల ఒక కేసులో జయశ్రీ అని, నిన్నగాక మొన్న నల్లకోటు వేసుకున్న అమ్మాయి, ఎదుటి పక్షాన వాదించింది. ఆ వీలునామా రాసినాయన మనలాగే క్రైస్తవుడు. ఇల్లు పుచ్చుకునే మనిషే సాక్షి సంతకం పెట్టింది. జయశ్రీ లేచి చట్టం చదివింది. క్రైస్తవులు రాసిన వీలునామాలో ఎవరైతే సాక్షి సంతకం చేస్తారో, వాళ్ళకు రాసిన ఆస్తి చెల్లదు. మిగతా కాగితం నిలబడుతుంది, వాళ్ళ వాటా మాత్రం లేనట్టే. హిందువుల వీలునామాలకు ఈ నియమం వర్తించదు. నా దగ్గరికొచ్చేది వంద మందిలో తొంభై తొమ్మిది మంది హిందూ రైతులు. మనవాళ్ళు వీలునామాలు రాసుకోరు. ఎప్పుడో లా కాలేజీలో చదివి, పరీక్షలో రాసి, మరిచిపోయాను. ‘ఏ ఇద్దరైనా సరే’ అని నీకు రాసింది నేనే. నువ్వు అడిగావు. నీ పద్ధతి ఏమిటో పూర్తిగా వివరించి మరీ అడిగావు. నేను సగం చదివి జవాబు రాశాను.

అంటే నువ్వు చెయ్యి పట్టుకుని తెచ్చి పెట్టించిన ఆ సంతకమే ఏంజెలిన్‌కి ఇల్లు లేకుండా చేసింది. ఇంకో మాట జాగ్రత్తగా విను. ఆమె భర్త సంతకం చేసినా అంతే. ధనరాజు పెట్టినా ఏంజెలిన్‌కి రాసింది చెల్లదు. వాళ్ళిద్దరిలో ఎవరూ కలం ముట్టుకోకూడదు.

ఏంజెలిన్ టవరున్న చోటికి దిగినప్పుడు ఫోన్ చేసి చెప్పవచ్చు కదా అనుకుంటావు. లాభం పొందే మనిషితో వీలునామా మాట్లాడితే, రేపు అన్నయ్య కోర్టుకెళ్ళినప్పుడు అదే పట్టుకుని, ఆ పిల్లే నిన్ను లొంగదీసి రాయించిందంటారు. అందుకని ఫోన్ ఎత్తి మళ్ళీ పెట్టేశాను. నా నియమాలు నా మెడకే చుట్టుకున్నాయి అత్తా.

కాగితం చెల్లకపోతే ఏమవుతుందో కూడా రాస్తాను. సగం నాకు, సగం అన్నయ్యకు. నా సగం ఆ రోజే ఏంజెలిన్‌కి రాసిచ్చేస్తాను, అందులో అనుమానం లేదు. కానీ ఉన్నవి రెండే గదులు. అన్నయ్య టైర్లు తియ్యడు. పంపకానికి వెళితే కోర్టు ఇల్లు అమ్మిస్తుంది. ఆ పిల్లకు కావలసింది నెత్తిన కప్పు.

15వ తేదీ శనివారం వస్తున్నాను. నియమం సంగతి నాకిక వద్దు. మా గుమాస్తాను, పక్క షాపు లక్ష్మీప్రసాద్‌ని సాక్షులుగా వెంట తెస్తాను. శృంగవరపుకోట మీదుగా తెల్లవారుజాము బస్సుకు బయలుదేరితే మధ్యాహ్నానికి నీ ముందుంటాను. ఆ పాత కాగితం తెల్ల కాగితంతో సమానం. నేను వచ్చేదాకా ఎవరి చేతా ఏమీ చేయించకు. నన్ను తిట్టు, కర్రతో కొట్టు, కానీ అప్పటిదాకా ఆరోగ్యం చూసుకో.

నీ కాళ్ళు పట్టుకుంటున్న
టైటస్

*

సిరగుడ,
9 ఫిబ్రవరి 2025, ఆదివారం

నాయనా టైటస్,

ఈ ఉత్తరం నీకు చేరేలోపు నువ్వింకేదైనా రాశావేమో, నాకింకా అందలేదు. పోస్టుమాన్ పోతురాజు వారానికి రెండుసార్లే కొండెక్కుతున్నాడు, వాడి సైకిలు కూడా నాలాగే అయింది.

కోపంలో రాశాను, క్షమించు. నీ జనవరి ఉత్తరం పొయ్యి పక్కన నుంచి మళ్ళీ తీశాను. నాలుగోసారి చదివితే గానీ తెలియలేదు. అక్షరాలు చిన్నవైపోయాయి, గీత కిందికి జారిపోయాయి. ముప్పై ఆరేళ్ళు పిల్లల రాతలు దిద్దాను. తప్పు చేసి చెప్పలేని పిల్లాడు ఎలా రాస్తాడో నాకు తెలియదా? నువ్వు మూడో తరగతిలో నా చేతి గడియారం పగలగొట్టి ఇలాగే చిన్న చిన్న అక్షరాలతో ‘అత్తా బాగున్నావా’ అని రాశావు. నువ్వేదో పొరపాటు చేశావు. అంతేగానీ ఏంజెలిన్‌కి అన్యాయం చేసేవాడివి కావు. అన్నతో కలిశావనుకున్నందుకు నాకు సిగ్గుగా ఉంది.

అందుకని నువ్వు చెప్పినట్టే ఇవాళ మళ్ళీ చేయించాను. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి నలుగురు చర్చికి మోసుకెళ్ళారు. పాస్టరు గారు మళ్ళీ చదివారు. నేను సంతకం చేశాను, సోంబరు చేశాడు. ఏంజెలిన్‌ని పిలవలేదు, నువ్వు వద్దన్నావు గనక. దాన్ని పాస్టరమ్మ దగ్గర పెట్టి వంటింటి పనికి పంపేశాను, ఏమీ అనుకోలేదు. కానీ పుచ్చుకునే ఇంటి చెయ్యి లేకుండా ఇవ్వడం నా మనసు ఒప్పుకోలేదు. మా కట్టడి అది. ఆ ఇంటి తరఫున ధనరాజు చేత రెండో సాక్షి సంతకం పెట్టించాను. పాపం వాడు కర్ర పక్కన పడేసి, బల్లని ఆనుకుని, నాలిక పంటి కింద పెట్టుకుని పేరంతా రాశాడు. బాగానే వచ్చింది. నీ మాట దక్కింది, నా పద్ధతీ దక్కింది.

పాత కాగితం చింపి నేనే పొయ్యిలో వేశాను. రెండుంటే మీ కోర్టుల్లో గందరగోళమని ఎక్కడో చదివాను.

ఆయాసం అలాగే ఉంది. నిన్న ఏంజెలిన్ రాత్రంతా నా వీపుకు దిండులా కూర్చుంది. పొద్దున్న లేచి, “సాలూరు ఇంట్లో పెరట్లో ఏటి వేద్దాం టీచరమ్మా” అని పలక మీద రాసింది. నేను వస్తాననుకుంటోంది. బీర పాదు వెయ్యమన్నాను. దాని మొహం చూస్తే నాకిక ఏ బెంగా లేదు.

నువ్వొకసారి రా. కాగితం పని మీద కాదు, ఊరికే రా.

నీ అత్త,
సోఫియా

*

సిరగుడ,
27 ఫిబ్రవరి 2025

టైటస్ బావ గారికి ఏంజెలిన్ వందనాలు.

మిమ్మల్ని బావ అనాలని టీచరమ్మ ఎప్పుడూ చెప్పేవారు. నోరు రాక ఇన్నాళ్ళూ అనలేదు. ఉత్తరంలో రాయడం తేలిక. తప్పులుంటే క్షమించండి, దిద్దేవాళ్ళు లేరు.

సమాధి రోజు మీతో మాట్లాడలేకపోయాను. టీచరమ్మ పదమూడో తేదీ గురువారం పొద్దున నా చేతిలో అంబలి గిన్నె ఉండగానే పోయారు, ఒక్క గుటక తాగారు. శుక్రవారం మీరూ ఎలీయేజరు బావా వచ్చారు. మీరు చర్చి మెట్ల మీద తల వంచుకుని కూర్చుండిపోయారు. నేను మంచినీళ్ళు తెస్తే నా మొహం చూడలేదు. టీచరమ్మ అంటే మీకంత ప్రాణమని నాకప్పుడే తెలిసింది. ఎలీయేజరు బావ మాత్రం పలకరించారు. “ఏటమ్మా, మరిక ఎక్కడికెల్తావు?” అన్నారు. సాలూరు వస్తామని చెప్పాను. నవ్వి, లారీ ఎక్కి వెళ్ళిపోయారు. మంచివారే, నేనే ఊరికే భయపడేదాన్ని.

మిషను వాళ్ళు మర్యాదగానే చెప్పారు. కొత్త టీచరు మార్చి పన్నెండున చేరతారట. సామాను కట్టేశాం. పెద్దగా ఏముంది, రెండు మూటలు, టీచరమ్మ ట్రంకుపెట్టె, ఆ పలక. పదో తేదీకి మా ఊరి కుర్రాడు గాసి ఆటో మాట్లాడాం. ఇంటాయన అంత దూరం కూర్చోలేరని వెనక పరుపు వేస్తానన్నాడు. పాస్టరమ్మ బీర గింజలు ఇచ్చింది, కొంగున ముడేసుకున్నాను. సాలూరులో హాస్టలు వంటకి మనుషులు కావాలంటున్నారట, అడిగి పెట్టండి. నేను బేగి నేర్చుకుంటాను.

కాగితం పెట్టెలో భద్రంగా ఉంది. చీర కింద, కలరా ఉండలతో. టీచరమ్మ చెప్పినట్టే దాన్ని ఎవరికీ చూపించలేదు. చివరి రోజుల్లో, “మీ బావ ప్లీడరు, వాడు రాసిన కాగితానికి ఢోకా లేదు” అని నాకూ ఇంటాయనకూ రెండుమూడుసార్లు చెప్పారు. చదువురాని చేత్తో పెట్టిన తన సంతకం కోర్టులో పనికొస్తుందా అని ఇంటాయన ఇప్పటికీ అడుగుతుంటారు. పనికొస్తుందని చెప్పాను. సరిగ్గా చెప్పానా?

టీచరమ్మ పేరున మీ ఉత్తరం ఒకటి సమాధి అయిన మర్నాడు పోతురాజు తెచ్చాడు. ఆవిడ పేరున ఉంది గనక విప్పలేదు. ఆవిడ ఉత్తరాలు నేనెప్పుడూ విప్పలేదు. దీంతో పాటే తిప్పి పంపుతున్నాను, తీసుకోండి.

ఒక్క సంగతి రాస్తే చాలు. పదో తేదీ సాయంత్రానికి దిగుతాం. ఇంటి తాళం మీ దగ్గరుందా, ఎలీయేజరు బావ దగ్గర తీసుకోవాలా?

మీ మరదలు,
ఏంజెలిన్